గర్భం, పసిబిడ్డల మీద వచ్చే పరిశోధన వార్తలు: నమ్మాలో వద్దో ఎలా తేల్చుకోవాలి?

"గర్భిణి ఈ మాత్ర వేసుకుంటే బిడ్డకు ఆటిజం వస్తుందట", "పుట్టిన వెంటనే బొడ్డుతాడు కోయకూడదట", "ఫలానా విటమిన్ వాడితే నెలలు నిండకుండా కాన్పు కాదట". ఇలాంటి వార్త ఒకటి పంపి "ఇది నిజమేనా?" అని అడిగేవాళ్లు నాకు వారానికి ఒక్కరైనా ఉంటారు. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకు విడిగా జవాబు చెబుతూ వచ్చాను. వార్త మారుతోంది గానీ దాన్ని పరీక్షించే పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒక్కటే. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. దీనికి మీరు వైద్యం చదివి ఉండక్కర్లేదు, శాతాలు లెక్కకట్టడం వస్తే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ పద్ధతి వార్తను తూచి చూడటానికే. డాక్టరు రాసిన మందును మీ అంతట మీరు ఆపడానికో, కొత్తది మొదలుపెట్టడానికో కాదు. రక్తస్రావం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కడుపులో బిడ్డ కదలికలు తగ్గడం, ఉమ్మనీరు పోవడం, ఫిట్స్ లాంటివి ఉంటే ఏదీ చదువుతూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పసిబిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా, చల్లబడిపోయినా, ఊపిరి ఎగబీలుస్తున్నా అంతే.

ఏమేం కావాలి

- వార్త పూర్తి పాఠం. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే సరిపోదు.
- ఇంటర్నెట్ ఉన్న ఫోను. పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో పరిశోధనల సారాంశాలు, కాక్రేన్ లైబ్రరీలో మామూలు భాషలో రాసిన సారాంశాలు డబ్బు కట్టకుండానే చదవొచ్చు.
- కాగితం, పెన్ను, ఓ అరగంట తీరిక.
- మీ వివరాలు: ఎన్నో వారం, బీపీ, షుగరు, ఇంతకుముందు కాన్పుల్లో ఏవైనా ఇబ్బందులు, వాడుతున్న మందుల పేర్లు, డోసులు. బిడ్డ పుట్టి ఉంటే ఎన్నో వారంలో పుట్టింది, బరువెంత.

ఇంగ్లీషు కష్టమైతే ఫోన్లో అనువాదం పెట్టుకోండి. ముగింపు వాక్యాన్ని మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి. అనువాదంలో ఒక్క "కాదు" జారిపోతే అర్థం మొత్తం తిరగబడుతుంది.

1. అసలు పరిశోధనను పట్టుకోండి

వార్తలో ఆ పరిశోధన అచ్చయిన వైద్య పత్రిక (జర్నల్) పేరు, సంవత్సరం, పరిశోధకుల పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే పబ్‌మెడ్‌లో వెతకండి. మందు గురించైతే కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు రసాయనం పేరుతో వెతకాలి. దొరికాక, ఆ పరిశోధనను పత్రిక వెనక్కి తీసుకుందేమో చూడండి. తీసుకుని ఉంటే పబ్‌మెడ్ ఆ మాట పైనే చూపిస్తుంది.

పత్రిక పేరే లేదంటే అది సదస్సులో చేసిన ప్రసంగమో, ఇంకా ఇతర నిపుణులు పరిశీలించని రాతప్రతో అయి ఉండొచ్చు. అప్పుడు పక్కన పెట్టి ఆగడమే మంచిది. చాట్‌బాట్‌ను అడిగి తెలుసుకున్న పరిశోధన అయితే, దాని పేరు పబ్‌మెడ్‌లో దొరికితేనే ముందుకు వెళ్లండి. లేని పరిశోధనలకు కూడా అది నమ్మకంగా పేర్లు చెప్పగలదు.

2. ఎవరి మీద చేశారో చూడండి

ఎలుకల మీదా, మనుషుల మీదా? ఈ ఒక్క ప్రశ్నతోనే చాలా వార్తలు తేలిపోతాయి. థాలిడోమైడ్ అనే మందును 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి పెట్టారు. గర్భిణులు వేవిళ్లకు కూడా వాడారు. వేలాదిమంది బిడ్డలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టాక, 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మనుషుల బిడ్డలకు చేసినంత హాని ఆ మందు ఎలుకలకు చేయదని తర్వాత తేలింది. ఎలుకకు ఏమీ కాలేదంటే మీ బిడ్డకూ ఏమీ కాదని కాదు. ఎలుకకు హాని జరిగితే మీకూ జరిగి తీరుతుందనీ కాదు.

అలాగని జంతువుల మీద పరిశోధన వృథా అనుకోకండి. న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే వైద్యుడు గొర్రెల మీద ప్రయోగాలు చేస్తూ ఒక సంగతి గమనించారు. తల్లి కడుపులో ఉండగా స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్లలు నెలలు నిండకుండా పుట్టినా ఊపిరి పీల్చుకోగలిగాయి. ఆయన, హోవీ అనే మరో వైద్యుడు కలిసి 282 మంది తల్లుల మీద పరీక్షించి 1972లో ఫలితం ప్రకటించారు. ఈ రోజు నెలలు తక్కువ కాన్పు జరగబోతోందంటే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు మూలం అదే. గొర్రెల్లో కనిపించింది మనుషుల్లో తేలేదాకా ఆగాలన్నదే నా మాట.

3. లాటరీయా, గమనించి రాసిందా?

పరిశోధనలు ప్రధానంగా రెండు రకాలు. ఎవరికి మందు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో లాటరీ తీసినట్టు నిర్ణయించి రెండు గుంపులనూ పోల్చడం ఒకటి. ఎవరు ఏం వాడారో, తర్వాత ఏమైందో గమనించి రాసుకోవడం రెండోది. సారాంశంలో "రాండమైజ్డ్" అనే మాట ఉంటే మొదటి రకం, "కోహార్ట్", "అసోసియేషన్" లాంటి మాటలు ఉంటే చాలావరకు రెండోది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెబుతాను. మా చుట్టాలమ్మాయి ఒకామెకు ఆరో నెలలో 102 డిగ్రీల జ్వరం వచ్చింది. డాక్టరు పారాసిటమాల్ రాశారు. అదే రోజు "పారాసిటమాల్‌తో ఆటిజం" అన్న వార్త ఫోన్లో చూసింది. మాత్ర చేతిలో పట్టుకుని, వేసుకోకుండా, తడిగుడ్డతో తుడుచుకుంటూ రాత్రంతా వణికింది. తెల్లవారుజామున నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "వేసుకుంటే నా బిడ్డకు నేనే చేసినదాన్ని అవుతానా అక్కా?" తనను ఆ భయంలోకి నెట్టింది గమనించి రాసిన రకం పరిశోధనలే.

ఆ మాత్ర ఎవరు వేసుకుంటారు? జ్వరం, ఇన్ఫెక్షన్, మైగ్రేన్ లాంటి బాధ ఉన్నవాళ్లు. వాళ్ల బిడ్డల్లో ఏదైనా తేడా కనిపిస్తే అది మాత్ర వల్లా, ఆ జబ్బు వల్లా, కుటుంబంలో వారసత్వంగా ఉన్నదాని వల్లా? మామూలు పోలికలో ఇది తేలదు. స్వీడన్ పరిశోధకులు 1995 నుంచి 2019 వరకు పుట్టిన దాదాపు 24 లక్షల 80 వేల మంది పిల్లల వివరాలు తీసుకుని 2024లో ఫలితం ప్రకటించారు. పిల్లలందరినీ కలిపి పోల్చితే పారాసిటమాల్ వాడిన తల్లుల పిల్లల్లో ఆటిజం కొద్దిగా ఎక్కువ కనిపించింది. ఒకే తల్లికి పుట్టిన పిల్లలను, ఒక కాన్పులో మాత్ర వాడి మరో కాన్పులో వాడనివాళ్లను, పోల్చి చూస్తే ఆ తేడా మాయమైంది. ఆ తెల్లవారుజామున నేను తనకు చెప్పింది ఇదే: డాక్టరు చెప్పిన డోసులో వేసుకో, జ్వరాన్ని అలా వదిలేయడమే మంచిది కాదు.

హాని గురించిన ప్రశ్నకు లాటరీ పద్ధతి చాలాసార్లు కుదరదు. గర్భిణులకు కావాలని హాని చేసే మందు ఎవరూ ఇవ్వరు కదా. అలాంటప్పుడు ఈ మూడూ చూడండి: తోబుట్టువులను పోల్చారా? డోసు పెరిగేకొద్దీ హాని పెరిగిందా? వేరే దేశాల్లో చేసినవారికీ అదే కనిపించిందా?

లాటరీ పద్ధతి చెప్పిన మాట వినకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. గర్భస్రావం ఆపుతుందని డీఈఎస్ అనే కృత్రిమ హార్మోన్‌ను ఎందరో గర్భిణులకు ఇచ్చారు. అది పని చేయదని 1953లోనే ఒక పోలిక పరీక్ష చూపించింది. అయినా వాడుతూనే వచ్చారు. కడుపులో ఉండగా ఆ మందు సోకిన ఆడపిల్లల్లో కొందరికి పెద్దయ్యాక అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడింది. మధ్యలో 18 ఏళ్లు గడిచిపోయాయి.

4. దేనితో పోల్చారు, ఏది కొలిచారు?

నెలలు తక్కువ బిడ్డను తల్లి ఎదపై చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ మదర్ కేర్ మీద 2021లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో, 3,200 మందికి పైగా బిడ్డలతో చేశారు. చాలామంది దీన్ని "కంగారూ కేర్ ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ పోలిక" అనుకుంటారు. నిజానికి పుట్టిన వెంటనే మొదలుపెట్టిన బిడ్డలనూ, ముందు ఇంక్యుబేటర్‌లోనో వార్మర్‌లోనో ఉంచి పరిస్థితి కుదుటపడ్డాక మొదలుపెట్టిన బిడ్డలనూ పోల్చారు. ప్రశ్న "ఎప్పుడు?" అన్నది. పోలిక తప్పుగా చదివితే జవాబూ తప్పుతుంది.

కొలిచిన విషయం కూడా మీకు పనికొచ్చేదై ఉండాలి. నొప్పుల సమయంలో బిడ్డ గుండెను మెషీన్‌తో ఆపకుండా చూడటాన్ని, మధ్యమధ్య వినడంతో పోల్చిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ సగానికి తగ్గాయి. కానీ బిడ్డల మరణాల్లో, సెరిబ్రల్ పాల్సీలో (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం) స్పష్టమైన తేడా లేదు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. ఒక్క ఫిట్స్ అంకెనే చూస్తే ఒక తీర్పు, మొత్తం చూస్తే మరో తీర్పు. (దీన్ని చూసి మెషీన్ వద్దని పట్టుబట్టకండి. ప్రమాదం ఎక్కువున్న కాన్పులో ఆ నిర్ణయం డాక్టరుదే.)

5. శాతాన్ని మనుషుల లెక్కలోకి మార్చండి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కాగితం తీయండి.

పైన చెప్పిన కంగారూ కేర్ పరిశోధన మీద వచ్చిన వార్త: "మరణాలు 25 శాతం తగ్గాయి". సారాంశంలో ఉన్న అసలు అంకెలు: 28 రోజుల లోపు మరణాలు కుదుటపడ్డాక మొదలుపెట్టిన గుంపులో 15.7 శాతం, వెంటనే మొదలుపెట్టిన గుంపులో 12.0 శాతం. ఇలా రాసుకోండి:

ప్రతి 1000 మంది బిడ్డల్లో పాత పద్ధతిలో 157 మరణాలు.
కొత్త పద్ధతిలో 120.
తేడా 37.
1000ని 37తో భాగిస్తే సుమారు 27. అంటే 27 మంది బిడ్డలకు ఇలా చేస్తే ఒక ప్రాణం నిలుస్తుంది.

ఇప్పుడు ఇంకో వార్త చూడండి: "బీపీ పెరిగిన గర్భిణుల్లో ఫిట్స్ 58 శాతం తగ్గించిన మెగ్నీషియం సల్ఫేట్". ఇది 2002లో వచ్చిన మాగ్‌పై ట్రయల్. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా స్త్రీల మీద చేశారు. 58 అన్నది 25 కంటే చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అసలు అంకెలు: మందు ఇవ్వనివాళ్లలో 1.9 శాతం, ఇచ్చినవాళ్లలో 0.8 శాతం. 1000 మందిలో 19 నుంచి 8కి. తేడా 11.

పెద్ద శాతం పక్కన 11, చిన్న శాతం పక్కన 37. ముందు నుంచీ ఉన్న ప్రమాదం ఎంత అన్నదాన్ని బట్టి శాతం బరువు మారిపోతుంది. ఈ రెండు చికిత్సలూ గొప్పవే, రెండూ ప్రాణాలు కాపాడేవే. వార్తలోని శాతం ఒక్కటే చూసి ఏది ఎంత పెద్దదో చెప్పలేమని చూపించడానికే ఈ లెక్క. "రెట్టింపు ప్రమాదం" అన్న వార్తకూ ఇదే లెక్క వేయండి. 10 వేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తే అదీ రెట్టింపే, 100 మందిలో 10 మందికి వచ్చేది 20 మందికి వస్తే అదీ రెట్టింపే.

సారాంశంలో శాతం పక్కన "95% సీఐ" అని రెండు అంకెలు ఉంటాయి. అసలు ఫలితం ఎంతకూ ఎంతకూ మధ్య ఉండొచ్చో అవి చెబుతాయి. కంగారూ కేర్‌లో అవి 0.64, 0.89. అంటే కొత్త పద్ధతిలో మరణాలు పాత పద్ధతిలో మరణాలకు 0.64 నుంచి 0.89 వంతు ఉండొచ్చని. ఇక్కడ 1 అంటే తేడా లేదని అర్థం. రెండు అంకెలూ 1కి ఒకే పక్కన ఉంటే ఫలితం మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే ఇంకా ఏదీ తేలనట్టే.

6. ఆ పరిశోధనలో మీలాంటివాళ్లు ఉన్నారా?

ఆ కంగారూ కేర్ బిడ్డల బరువు 1 కిలో నుంచి 1.8 కిలోల లోపే. మీ బిడ్డ 3 కిలోలతో పుడితే ఎదపై పెట్టుకోవడం మంచిదే గానీ, ఆ 27లో ఒకరు అన్న లెక్క మీ బిడ్డది కాదు.

ఫోలిక్ యాసిడ్ విషయంలో ఈ పొరపాటు తరచూ చూస్తుంటాను. వెన్నుపాము లోపాలు 72 శాతం తగ్గాయని చెప్పిన 1991 నాటి ప్రసిద్ధ పరిశోధనలో డోసు రోజుకు 4 మిల్లీగ్రాములు. అందులో ఉన్నవాళ్లంతా అంతకుముందు కాన్పులో అలాంటి లోపమున్న బిడ్డను మోసినవాళ్లు. అలాంటి చరిత్ర లేనివాళ్లకు మామూలుగా చెప్పేది 400 మైక్రోగ్రాములు, అంటే అందులో పదో వంతు. ఎప్పుడు మొదలుపెట్టారన్నదీ ముఖ్యమే. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం మొదలైన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది, చాలామందికి అప్పటికి గర్భం సంగతే తెలియదు. గర్భం కోసం ప్రయత్నించేటప్పుడే మొదలుపెట్టమనేది అందుకే.

చోటు కూడా చూడాలి. గొర్రెపిల్లల నుంచి వచ్చిన ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్‌నే 2015లో ఆరు దేశాల్లో, చిన్న కేంద్రాల్లో కూడా విస్తృతంగా ఇచ్చి చూస్తే, మొత్తం మీద పసిబిడ్డల మరణాలు తగ్గకపోగా పెరిగాయి. 2020లో ఐదు దేశాల్లో, వసతులున్న ఆసుపత్రుల్లో, స్కాన్‌తో వారాలు సరిగ్గా లెక్కగట్టి, 26 నుంచి 33 వారాల మధ్య ఇస్తే మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. మందు అదే. ఎవరికి, ఎన్నో వారంలో, ఎలాంటి చోట ఇచ్చారన్నదే తేడా.

7. ఇది ఒక్కటేనా, అన్నీ కలిపి చూసినవి ఉన్నాయా?

1990ల మొదట్లో బ్రిటన్‌లో ఒక పరిశోధన, పుట్టగానే ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్‌కూ పిల్లల క్యాన్సర్‌కూ సంబంధం ఉండొచ్చంది. తల్లిదండ్రులు హడలిపోయారు. తర్వాత వచ్చిన పెద్ద పరిశోధనల్లో ఆ సంబంధం నిలబడలేదు. పసిబిడ్డ ఒంట్లో విటమిన్ కె చాలా తక్కువగా ఉంటుంది. ఇంజెక్షన్ వద్దంటే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం మాత్రం నిజం.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. పసిబిడ్డను బోర్లా పడుకోబెడితే నిద్రలో హఠాన్మరణం ముప్పు పెరుగుతుందన్న ఆధారాలు విడివిడిగా ముందే వచ్చాయి. 1970 నాటికి అన్నిటినీ కలిపి చూసి ఉంటే తేలిపోయేదని తర్వాతి సమీక్ష చెప్పింది. వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ఎత్తున ప్రచారం మొదలైంది మాత్రం 1990ల్లో. అప్పుడు ఆ మరణాలు బాగా తగ్గాయి. మధ్యలో పోయిన బిడ్డల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అందుకే మీ అంశం పేరుతో కాక్రేన్ లైబ్రరీలో ఒకసారి వెతకండి. ఒకే ప్రశ్న మీద వచ్చిన పరీక్షలన్నిటినీ కలిపి తూచడానికే 1993లో ఆ సంస్థ పుట్టింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద వచ్చిన పరీక్షల ఫలితాలనే గీతలుగా గీసి తన ముద్రగా పెట్టుకుంది.

8. తీర్పుగా కాకుండా ప్రశ్నగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి

"ఈ మందు చెడ్డదట, ఆపేస్తాను" అనకండి. ఇలా రాసుకుని వెళ్లండి: "నాకు 30వ వారం. బీపీ 150/100. 26 నుంచి 33 వారాల మధ్య స్టెరాయిడ్ ఇస్తే ఉపయోగమని 2020 పరిశోధనలో చదివాను. నా విషయంలో కాన్పు త్వరగా అయ్యే అవకాశం ఉందా? ఉంటే ఆ ఇంజెక్షన్ అవసరమవుతుందా?" డాక్టరుకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, మీకూ సూటిగా జవాబు వస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

"తేడా కనిపించలేదు" అన్నదాన్ని "సురక్షితం" అని చదవడం అన్నిటికంటే పెద్ద తప్పు. 40 మంది మీద చేసిన పరిశోధనలో అరుదైన హాని కనిపించదు, కనిపించే అవకాశమే ఉండదు. అంకెలు చూడకుండా చివరి వాక్యం ఒక్కటే చదవడం ఇంకో తప్పు. మొక్కల నుంచి వచ్చింది కాబట్టి గర్భంలో వాడొచ్చనుకోవడం, "మా అక్క వాడింది, ఏమీ కాలేదు" అనుకోవడం కూడా మామూలే. ఒక్కరి అనుభవంలో లెక్క ఉండదు. భయపెట్టే వార్తను ఒక్కసారి చదివినంతలోనే నమ్మి, ధైర్యం చెప్పే వార్తకు మాత్రం పది ఆధారాలు అడగడం మనందరికీ అలవాటే. రెంటికీ ఒకే కొలత పెట్టండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఈ ఖాళీలు నింపగలిగితే మీ పని సరిగ్గా అయినట్టు:

"____ స్త్రీలలో (లేదా బిడ్డల్లో), ____ తో పోల్చితే, ____ వల్ల, ____ అనేది 1000కి ____ నుంచి ____ కి మారింది."

మాగ్‌పై ట్రయల్‌తో నింపితే: "బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోతున్న స్త్రీలలో, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చితే, మెగ్నీషియం సల్ఫేట్ వల్ల, ఫిట్స్ రావడం అనేది 1000కి 19 నుంచి 8కి మారింది." ఏ ఖాళీ నిండలేదో ఆ మెట్టు దగ్గరికి వెనక్కి వెళ్లండి. రెండుసార్లు చూసినా 1000 లెక్క దొరకకపోతే, ఆ వార్త మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి.

చివరగా, మీకు వచ్చిన జవాబును ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలతో సరిపోల్చండి. ఉదాహరణకు మొదట్లో చెప్పిన బొడ్డుతాడు వార్త: పుట్టిన బిడ్డకు వెంటనే ఊపిరి అందించాల్సిన అవసరం లేకపోతే కనీసం ఒక నిమిషం ఆగి కట్టమనే ఆ సంస్థ చెబుతుంది. అంటే ఆ వార్తలో నిజం ఉంది, కానీ దాన్ని "అసలు కోయకూడదు" అని చదివితే తప్పు. మీ జవాబు మార్గదర్శకానికి పూర్తిగా ఎదురుగా వస్తే చాలావరకు 4వ మెట్టులోనో, 6వ మెట్టులోనో ఏదో జారిపోయి ఉంటుంది. అరగంటలో తేలకపోతే మిగతావి వదిలేసి నేరుగా 8వ మెట్టుకు వెళ్లండి. ఈలోగా వాడుతున్న మందు వాడుతూనే ఉండండి.